ఎడమవైపు బావ

పడవను బోర్లించి రెండు బల్లల మీదికి ఎక్కించేసరికి అక్కాతమ్ముళ్ళకు సగం పొద్దు గడిచింది. చిన్న ప్లైవుడ్ తెరచాప పడవ. అడుగుభాగం పొరలు తడిసి ఆరిన పుస్తకంలా విచ్చుకున్నాయి. అక్క నడుం పట్టుకుని కుట్టుమిషను ముందున్న స్టూలు మీద కూలబడింది. ఆ గది నిరుడు పోయిన బావ దర్జీ దుకాణం. ఆయన పోయాక అక్కడ కత్తెర ఆడలేదు.

తమ్ముడు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాడు. పెళ్ళి చేసుకోలేదు. వయసులో ఉండగా బావతో కలిసి ఈ గదిలోనే ఈ పడవ కట్టాడు. అప్పటినుంచి ప్రతి ఆదివారం ఇద్దరూ సరస్సు మీదే గడిపారు. అతనికున్న సంసారమల్లా ఆ ఆదివారాలే. బావ పోయాక ఒంటరిగా వెళ్ళిన ప్రతిసారీ పడవ ఎడమకు లాగి రెల్లుగడ్డిలో దూరింది. దీని సంగతి తేలకపోతే ఆ ఆదివారాలు కూడా లేనట్టే.

"మీ బావే లాగుతున్నాడేమోరా," అంది అక్క.

"బతికున్నన్నాళ్ళూ తెడ్డు ముట్టని మనిషి. ఇప్పుడొచ్చి లాగుతాడా?"

అక్క నవ్వబోయి, మానుకుంది.

అతను ముక్కు నుంచి వెనక పలక దాకా వెన్ను మీదుగా దారం బిగించి, ప్లైవుడ్ కింది చెక్క పక్కటెముకలు ఒక్కొక్కదాని దగ్గరా అటూ ఇటూ కొలిచాడు. కుడివైపు కొలతలు పడవ కట్టినప్పటి నక్షాతో సరిపోయాయి. ఎడమవైపువి అన్నీ ఎక్కువ. తడికి చెక్క ఉబ్బిందనుకుందామంటే, ఉబ్బు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉండాలి. ఈ తేడా మాత్రం పొడవైన కొలతలో ఎక్కువగా, పొట్టి కొలతలో తక్కువగా, ఒకే నిష్పత్తిలో ఉంది. అలాంటి తప్పు చెక్క చేయదు, కొలిచిన సాధనం చేస్తుంది.

"అక్కా, బావ టేపు ఉందా?"

ఆమె మిషను సొరుగులోంచి పసుపుపచ్చ గుడ్డ టేపు తీసి ఇచ్చింది. తన ఉక్కు టేపు పక్కన పరిచి చూశాడు. ఏళ్ళ తరబడి మెడలో వేలాడి, చేతిలో లాగించుకుని, పడవ కట్టేనాటికే గుడ్డ టేపు సాగి ఉంది.

"దీంతో ఎన్ని చొక్కాలు కుట్టారు! ఒక్కడూ వంక పెట్టలేదే."

"ఒంటినీ దీంతోనే కొలిచాడు, గుడ్డనీ దీంతోనే కోశాడు. తప్పుకి తప్పు చెల్లిపోయింది. పడవకి మాత్రం రెండు టేపులు పడ్డాయి. కుడివైపు నాది, ఎడమవైపు బావది."

"ఊళ్ళో ప్రతి కొట్టువాడి తక్కెడా పట్టుకు పీకినవాడివి, దీన్నెలా వదిలేశావురా?"

"బావ మెడలో టేపు తీసి పరీక్ష పెట్టమంటావా? ఆ పూట నాకు అన్నం పెట్టేవాడా?"

ఇన్నేళ్ళూ పడవ తిన్నగా ఎలా నడిచిందన్నదే మిగిలిన ప్రశ్న. దానికీ కారణం దొరికింది. వెడల్పు ఎక్కువున్న ఎడమవైపును నీళ్ళు పైకి నెడతాయి. పడవ కుడికి ఒరుగుతుంది. ఒరిగిన పడవ దాని ఎదురుదిక్కుకు, అంటే ఎడమకు తిరుగుతుంది. బావది భారీ శరీరం. ఎక్కుతూనే ఎడమవైపు చతికిలబడేవాడు. గాలి మారినా బావ మారేవాడు కాదు. గెంతడాలూ తాళ్ళు మార్చడాలూ అన్నీ బక్కపలచని బావమరిదివే. కాస్త జరగమంటే, "కూర్చోవడమే నా పని, మిల్లీమీటరుగారూ," అనేవాడు. తమ్ముడు దాన్ని బద్ధకం కింద జమకట్టాడు.

అంతా విని అక్క అంది: "అయితే ఆ పక్కన ఇసక మూట పడెయ్. చెక్క ముట్టుకోకుండానే సరిపోతుందిగా."

"సరిపోతుంది. బావ చోట్లో ఇసక మూట. అందుకే వద్దక్కా."

ఆమె టేపును వేలికి చుట్టుకుంది.

"మరేం చేస్తావు?"

"పాత ప్లైవుడ్ ఊడదీసి, ఎడమ పక్కటెముకలు నక్షా ప్రకారం చెక్కి, కొత్తది తొడుగుతాను. అప్పుడు ఒక్కణ్ణే వెళ్ళగలను."

"ఆయన చేత్తో కోసిన చెక్కరా అది."

"తెలుసు."

"నేను కూరలకి వెళ్ళినప్పుడు చెయ్యి. ఇంట్లో ఉండగా ఆ చప్పుడు వద్దు."

చెక్కడానికి రోజులేమీ పట్టలేదు. ఆమె ఒకసారి బజారుకు వెళ్ళి వచ్చేలోగా అయిపోయింది. సంచీ కింద పెట్టకుండానే గుమ్మంలో నిలబడి బల్ల కింద చూసింది. చిత్రిక పొట్టు రెండు గుప్పెళ్ళు ఉంటుంది.

"ఇంతేనా?"

"ఇంతే."

చీపురు తెచ్చింది కానీ ఊడవలేదు. గోడకు ఆనించి లోపలికి వెళ్ళిపోయింది.

కొత్త ప్లైవుడ్ తొడిగి, జిగురు ఆరి, రంగు వేసేసరికి వానలు వెనకబట్టాయి. సరస్సుకు రమ్మంటే మోకాళ్ళ నెప్పులంది అక్క. అతను ఒక్కడే పడవను నీళ్ళలోకి తోసుకున్నాడు. గాలి పక్కనుంచి వచ్చి తెరచాప నింపింది. సరస్సు మధ్యకు చేరాక చుక్కాని పిడి వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. పడవ గీత గీసినట్టు తిన్నగా పోయింది.

"చూశావా?" అన్నాడు పైకే, ఎడమవైపు ఖాళీ చోటుతో.

జవాబు రాదని తెలియనివాడు కాదు. అయినా జవాబుకు పట్టేంతసేపు ఊరుకుని, అవతలి ఒడ్డు దగ్గర పడుతుండగా పడవను వెనక్కి తిప్పాడు.