దాలమ్మ కడుపులో ఎర్రచారలు

వార్డంటున్నారు గానీ అది జీడిపప్పు బట్టీలాగే ఉంది, మంచాల మధ్య జీడిపిక్కలు గుట్టలుగా పోసి ఉన్నాయి, డాక్టర్ సన్యాసిరావు ఎండోస్కోపీ గొట్టం చేత్తో పట్టుకుని వాటి మీద కాలు జారకుండా నడుస్తున్నాడు, పాతికేళ్ల అనుభవమున్న మనిషికి సొంత ఆసుపత్రిలో దారి తెలియదా అని ఎవరూ అడగడం లేదు. ఆ చివర దాలమ్మ పీట వేసుకుని పిక్కలు కొడుతోంది. చనిపోయి ఏడాదయింది. అంతకుముందు రెండేళ్లు, నెల తిరిగేసరికి రక్తం ఎక్కించుకోవడానికి ఆయన దగ్గరికే వచ్చేది.

"కూకో బాబూ," అంటుంది తలెత్తకుండానే.

ఆయన కూర్చుంటాడు. భయం లేదు, ఓపీలో చీటీ చూస్తున్నంత మామూలుగా ఉంది. "నీ కడుపులో ఎర్రచారలు చూసి మామూలు కడుపుపూత అని రాశాను దాలమ్మా. పూత కాదది. పుచ్చకాయ మీద చారల్లా రక్తనాళాలు ఉబ్బి, బొట్టుబొట్టుగా కారే జబ్బు. ఎక్కడో ఒకరికి వస్తుంది. ఈ గొట్టంతోనే వేడి పెట్టి మాడిస్తే ఆగేది."

"మరప్పుడు సెయ్యనేదేటి?"

"తట్టలేదు." తట్టేదాకా ఆలోచించలేదన్నదీ నిజమే. ఆయనకు సిగ్గేస్తుంది.

"ఏడో మంచం నూకయ్యని సాయంత్రం పంపేద్దామా సార్?" అంటోంది ఎక్కడో సిస్టర్ గొంతు.

"ఇరేచనం నల్లగా అవుతాదని సెప్పినాను గదా," అంటుంది దాలమ్మ. "ఐరన్ మాత్తర్లకి అలగే ఉంటాది, ఊరికే బెంగెట్టుకోకని కసిరినావు. మాత్తర్లు మానీసి నెల్లాళ్లు సూసినాను. అప్పుడూ నలుపే."

"అయ్యో, ఆ ముక్క చెప్పవేం తల్లీ!"

"మానీసినానంటే తిడతావని."

మెలకువ వచ్చేసరికి మధ్యాహ్నం రెండున్నర, డ్యూటీ గదిలో బల్ల మీద, చెంప కింద కేసు షీటు. ఏడో మంచం, చేపలమ్మే నూకయ్య, మూడోసారి రక్తం. కింద ఆ పొద్దున తను రాసిందే: "మలం నలుపు. ఐరన్ మాత్రల వల్ల."

ఆయన లేచి ఏడో మంచం దగ్గరికి వెళ్లాడు.

"తాతా, మాత్రలు వేసుకుంటున్నావా? తిట్టను, నిజం చెప్పు."

నూకయ్య సిస్టర్ వైపు ఓసారి చూసి, తలగడ కింద చెయ్యి పెట్టి, ఒక్క మాత్రా చించని అట్టలు మూడు తీసి ఆయన చేతిలో పెట్టాడు.