రైల్ మిల్లు ఐదుగురు

రింగు కింద త్రినాథరావు, అందులో అనుమానమే లేదు, ఆరడుగుల రెండంగుళాల మనిషి, రోజంతా క్రేన్ మీద కూర్చుని కిందికి చూసేవాడికి బంతి ఎక్కడ పడబోతుందో అందరికంటే ముందే తెలుస్తుంది, వాడి పక్కన థామస్, థామస్ చేతికి చిక్కిన బంతి మళ్లీ ఎదటివాళ్లకి దొరకదు, ఎడమ పక్కకి వెంకటేశ్వరరావు, ముగ్గురయ్యారు, ముందు నడిమధ్యన తను, నలుగురు, ఇంక ఐదోవాడు, ఐదోవాడి దగ్గరే ఉంది చిక్కంతా, అనుకుంటూ సత్యారావు ఉక్కు ఫ్యాక్టరీ మెయిన్ గేటు దాటి సైకిలెక్కాడు, రెండు గంటల భోంపూ కూత ఇంకా చెవుల్లోనే ఉంది, ముందూ వెనకా సైకిళ్లే, పొద్దుటి షిఫ్టు దిగిన జనమంతా ఒక్కసారే రోడ్డు మీద పడ్డారు, ఎవరో వెనకనించి సత్యారావ్ భాయ్, ఆజ్ జీత్‌నా హై అని అరిచి దాటిపోయారు, చెయ్యెత్తి ఊపాడు, గెలవాలి, నాలుగున్నరకి డిపార్ట్‌మెంట్ల మధ్య బాస్కెట్‌బాల్ ఫైనల్, నాలుగుంపావుకల్లా మొదటి ఐదుగురి పేర్లూ కాగితం మీద రాసి టేబుల్ దగ్గర ఇవ్వాలి, డెబ్భై ఎనిమిదీ డెబ్భై తొమ్మిదీ ఎనభై, వరసగా మూడేళ్లు షీల్డు బ్లాస్ట్ ఫర్నేస్ వాళ్లే ఎత్తుకుపోయారు, ఈ ఏడు కూడా పోతే రైల్ మిల్లులో తలెత్తుకునేదెలా, బాస్కెట్లు వెయ్యడానికి మనవాళ్లకేం తక్కువ లేదు, ఆపడమే రావట్లేదు, రెండేళ్లుగా ఎడమ మూలనించి కారిపోతోంది జట్టు, ఎదటివాళ్లు అక్కడికి బంతి పంపడం, ఒంటరిగా నిలబడ్డవాడు తీరిగ్గా చూసుకుని వెయ్యడం, ఎన్నిసార్లు చెప్పినా వెంకటేశ్వరరావు ఆ మూల ఎందుకు వదిలేస్తాడో అర్థం కాదు, దానికి తోడు ఎదటివాళ్లలో ఆ సాహు ఒకడు, కుమ్హారి నుంచి లోకల్ రైల్లో డ్యూటీకి వచ్చే కుర్రాడు, చేపపిల్లలా జారిపోతాడు, వాణ్ని పట్టడానికి మిశ్రానా, శ్యామసుందరా, మిశ్రాకి అనుభవం ఉంది, తొందరపడడు, శ్యామసుందర్‌కి కాళ్లున్నాయి, నిన్న ప్రాక్టీసులో వాడి కాళ్లు చూస్తూంటే తనకే ముచ్చటేసింది, పక్కకి జరుగుతుంటే సిమెంటు నేల మీద బూట్లు కీచుమంటున్నాయే గాని మనిషి నడుం ఒక్క అంగుళం పైకి లేవదు, భయ్యా, సాహు కో మై పకడ్ లూంగా, నేను పట్టుకుంటాడు అన్నాడు, ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగినవాడు, హిందీ గడగడా మాట్లాడేస్తాడు, తెలుగుకొచ్చేసరికి నేను పట్టుకుంటాడు, అందరూ నవ్వారు, వాడూ నవ్వాడు, మిశ్రాని తీసేస్తే మిశ్రా నొచ్చుకుంటాడు, తీసెయ్యకపోతే సాహు చేతిలో జట్టు నొచ్చుకుంటుంది.

సెక్టర్ ఆరులో క్వార్టర్ ముందు సైకిలాపి కాలు కింద పెట్టేసరికి ఎడమ మోకాలు ఎప్పటిలాగే చిన్నగా కలుక్కుమంది, దాన్ని పట్టించుకోవడం మానేసి చాలా రోజులైంది, లోపల అప్పలనర్సమ్మ పీట వేసి ఉంచింది, వంకాయా ఎండునెత్తళ్లూ, ఆ వాసనకి పదిహేడేళ్ల కిందట వదిలి వచ్చిన నరసన్నపేట వీధి ఒకటి కళ్ల ముందు మెరిసి మాయమైంది, అన్నం కలుపుతూనే జేబులోంచి కాగితం తీసి పీట పక్కన పెట్టుకున్నాడు, ఏటండీ అలా కాగితం కేసి సూత్తారు, అన్నం కేసి సూడండి అంది భార్య, మిశ్రానా శ్యామసుందరా అని తేలట్లేదే అన్నాడు, ఆమెకి ఆట గురించి ఏం తెలుసు, పదేళ్లుగా ఫైనలుకి వచ్చి గట్టు మీద కూర్చుని పల్లీలు తింటూ పక్కింటి మలయాళీ ఆవిడతో కబుర్లు చెబుతుంది అంతే కదా, అయినా ఆమె మజ్జిగ గిన్నె దగ్గరికి జరుపుతూ, ఆ సేప లాగ జారిపోయేవోడు ఉన్నాడు సూడండి, ఆణ్ని ఎవులు పడతారు అని అడిగింది, శ్యామసుందర్ పట్టాలి అన్నాడు, మరి ఆ పొడుగోణ్ని, త్రినాథ్, ఆడి పక్కోణ్ని, థామస్, ఎడమ పక్కోణ్ని, వెంకటేశ్వరరావు, మరి కుడి పక్కోణ్ని, మిశ్రా అయితేనే ఆగుతాడు అన్నాడు, అనేశాక ముద్ద చేతిలోనే ఆగిపోయింది, శ్యామసుందరూ మిశ్రా ఇద్దరూ ఉంటే మరి, ఆమె వేళ్లు మడిచి లెక్క చూసుకుంటోంది, ఐదుగురూ అయిపోనారు కదండీ, మరి మీరేటి సేస్తారు, నేను చెబుతాను, ఎవడెక్కడ నిలబడాలో చెబుతాను అన్నాడు కొంచెం గట్టిగానే, సెప్పడానికి లోపలే ఉండాలేటి అంది ఆమె, వేళాకోళంగా కూడా కాదు, నిజంగానే తెలియక అడిగినట్టు, అడిగేసి కుళాయిలో నీళ్లు పోయే వేళవుతోందని బిందె తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయింది.

లోపలే ఉండాలేటి, ఇదేం ప్రశ్న, పదకొండేళ్లుగా కాగితం మీద మొట్టమొదట రాసే పేరు తనది, ఆ పేరు కింద మిగతా నలుగురూ, ఈ ఊళ్లో బాస్కెట్‌బాల్ అంటే ఏమిటో ఎవరికీ తెలియని రోజుల్లో, మిల్లు నిలబెట్టడానికి వచ్చిన రష్యన్ ఇంజనీరొకాయన సాయంత్రాలు కుర్రాళ్లని పోగేసి ఆడించేవాడు, ఆయనకి హిందీ రాదు, వీళ్లకి రష్యన్ రాదు, భుజాల మీద రెండు చేతులూ వేసి కిందికి నొక్కుతూ నీజె, నీజె అనేవాడు, కిందికి, ఇంకా కిందికి అని, నడుం వంచి చేతులు చాచి గంటసేపు పక్కకి నడిపించేవాడు, తొడలు మంటెత్తిపోయేవి, అలా నేర్చుకున్న డిఫెన్స్ తనది, ఒకప్పుడు సత్యారావు ముందుకొచ్చి నిలబడితే బంతి పట్టుకున్నవాడు ఇటు రాకుండా వెనక్కి పంపేసేవాడు, ఒకప్పుడు అన్న మాట దగ్గర ఆలోచన తట్టుకుంది, నిన్న ప్రాక్టీసులో శ్యామసుందర్ తన ఎడమ పక్కనించి ఎన్నిసార్లు దూసుకుపోయాడు, మూడా, నాలుగా, కుర్రాడు కదా ఊపు మీదున్నాడు అనుకున్నాడు, మరి మొన్న, అంతకు ముందు వారం, మిల్లులో పట్టాలు కోసే రంపం దగ్గర ఎర్రగా కాలుతూ వచ్చే రైలు పట్టా ఎంత పొడుగుందో కంటితో చూసి తేడా లేకుండా చెప్పేవాణ్ని, నా మోకాలు ఎంత వంగుతుందో చూసుకోలేకపోయానా, పీట మీంచి లేచి, చెయ్యి కడుక్కుని, తలుపు గెడ వేసి, చేతులు చాచి గోడ ముందు నడుం వంచాడు, నీజె, నీజె, కుడి తొడ దిగింది, ఎడమది సగంలో ఆగిపోయింది, ఇంకొంచెం నొక్కితే కళ్లలో నీళ్లు తిరిగాయి, ఇంత వయసు మనిషి తలుపేసుకుని గోడ ముందు ఇలా నిలబడడం ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు అని నవ్వూ వచ్చింది, కూర్చుని కాగితం తీశాడు, పైన ఉన్న తన పేరు మీద గీత పెట్టబోయి ఆగాడు, గీత ఎందుకు, కొట్టివేత ఉంటే పదిమందీ అడుగుతారు, వేరే కాగితం చింపి మొదటినించీ రాశాడు, త్రినాథరావు, థామస్, వెంకటేశ్వరరావు, మిశ్రా, శ్యామసుందర్, రాయడం అయిపోయాక చూస్తే చేతిరాత ఎప్పటికంటే గుండ్రంగా వచ్చింది, గుండె మీంచి ఏదో దిగినట్టు, ఆ దిగిన చోట కొంచెం వెలితిగా కూడా ఉంది, కాని ఇది మంచి పని, జట్టు కోసం చేసిన మంచి పని, ఇంత మాత్రం ఎవడు చేస్తాడు అని తనని తనే కాస్త మెచ్చుకున్నాడు.

టేబుల్ దగ్గరాయన కాగితం చదివి కళ్లజోడు తీసి, సత్యారావ్ జీ, ఆప్ కా నామ్ రహ్ గయా అన్నాడు, రహ్ నహీఁ గయా, మరిచిపోలేదు, మిగతావాళ్లలో ఉంది చూడండి అన్నాడు సత్యారావు, శ్యామసుందర్ పరిగెత్తుకుంటూ వచ్చి, భయ్యా, మీరు ఎందుకు లేడు, మై ఆప్ కీ జగా కైసే అని మాట మింగేశాడు, నా జాగాలో కాదురా, సాహు ముందు నిలబడు అంతే, చేతులు చాచు, నడుం దించు, వాడి కళ్లు చూడకు, బొడ్డు చూడు అన్నాడు, వెంకటేశ్వరరావు మాత్రం బూటు తాళ్లు కట్టుకుంటూ ఒకసారి తలెత్తి చూసి మళ్లీ దించుకున్నాడు, మాట్లాడడేం వీడు, పదిహేనేళ్ల స్నేహం, అని కొంచెం చివుక్కుమంది, విజిల్ పడింది, ఫిబ్రవరి ఎండ పలచగా కోర్టు మీద వాలి ఉంది, బెంచీ మీద కూర్చోవడం చేతకాక మొదటి రెండు నిమిషాలూ సగం లేచే ఉన్నాడు, తరవాత మెల్లగా తెలిసింది, ఇక్కణ్నించి అంతా కనిపిస్తుందని, లోపలున్నప్పుడు ఎదటివాడి చేతులూ బంతీ తప్ప ఇంకేం కనపడేవి, ఇప్పుడు పదిమందీ ఒక్కసారే కనిపిస్తున్నారు, సాహు వచ్చాడు, శ్యామసుందర్ దిగి నిలబడ్డాడు, సాహు ఇటు పోతే ఇటు, అటు పోతే అటు, శెభాష్, బంతి పక్కకి పోయింది, పక్కనించి ఎడమ మూలకి పోయింది, మూలలో బ్లాస్ట్ ఫర్నేస్ వాడు ఒంటరిగా నిలబడి తీరిగ్గా వేశాడు, పడింది, అరె, మళ్లీ అదే మూల, ఇంకో రెండు నిమిషాలకి మళ్లీ, ఈసారి బంతి వదిలేసి వెంకటేశ్వరరావునే చూస్తూ కూర్చున్నాడు, సాహు బంతి పట్టుకోగానే వెంకటేశ్వరరావు తన మనిషిని వదిలి అరడుగు లోపలికి, శ్యామసుందర్ వైపుకి జరుగుతున్నాడు, ఎందుకు, శ్యామసుందర్ వదల్లేదే, సాహు ఎక్కడికీ పోలేదే, వాడు జరిగినందుకు వెనక థామస్ కూడా కొంచెం జరుగుతున్నాడు, థామస్ జరిగినందుకు త్రినాథ్ రింగు కిందనించి ఒక అడుగు బయటికి, ముగ్గురూ ఒకే తాడుకి కట్టినట్టు, వాళ్లు జరగ్గానే ఆ మూల ఖాళీ అయిపోతోంది, ఒళ్లు మండిపోయింది, ఇన్నాళ్లూ నేను లోపల ఉండి చూడలేదు గాని ఇదన్నమాట మీరు చేస్తున్నది, సగం ఆట అయ్యేసరికి పంతొమ్మిదీ ఇరవైరెండూ, మూడు పాయింట్లు వెనక.

వెంకటేశ్వరరావు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూండగానే మీద పడ్డాడు, ఏం చేస్తున్నావు నువ్వు, శ్యామసుందర్ పక్కన ఖాళీ ఏముందని లోపలికి జరుగుతున్నావు, ఆ మూల ఎవడు కాస్తాడు, వెంకటేశ్వరరావు తువ్వాలు మొహం మీంచి తియ్యలేదు, తువ్వాల్లోంచే, అలవాటైపోనాది గురూ అన్నాడు, ఏం అలవాటు, ఎక్కడి అలవాటు, థామస్ నీళ్ల గ్లాసు పట్టుకుని అటు తిరిగిపోయాడు, త్రినాథ్ వంగి బూటు చూసుకుంటున్నాడు, అప్పుడు వెంకటేశ్వరరావు తువ్వాలు దించి, మీ మోకాలు దెబ్బ తిన్న కాణ్నించీ గురూ, మీ ఎడమ పక్క ఆగటం లేదని థామస్ సూసినాడు, నన్ను కూసింత లోపలికి వొచ్చీమన్నాడు, మేం కూడా కూసింత కూసింత సర్దుకున్నాం, మీకు సెప్పొద్దు అనుకున్నాం, అంతే, ఇంకేటి లేదు అన్నాడు, మోకాలు దెబ్బ తిన్నది డెబ్భై ఎనిమిది ఆగస్టులో, రెండున్నరేళ్లు, మొహం వేడెక్కింది, నిరుడు ఇదే కోర్టులో, ఇంతమంది ముందర, బుద్ధుందా నీకు, నీ మనిషిని వదిలి ఎక్కడికి పోయావు అని ఇతని మీద అరిచాడు, ఇతను తల దించుకుని తప్పయిపోనాది గురూ అన్నాడు, అంతే అన్నాడు, మీ మోకాలి కోసం పోయాను అని ఒక్క మాట అనలేదు, విజిల్ పడుతోంది, లేవాలి, ఏదో ఒకటి చెప్పి పంపాలి, ఇంక జరగొద్దు వెంకటేశూ, అక్కడ కుర్రాడున్నాడు, వాడు ఆపుతాడు, నువ్వు నీ మూల కాసుకో, థామస్, నువ్వూ అంతే, ఎవరి చోట్లో వాళ్లుండండి అన్నాడు, వెంకటేశ్వరరావు అలాగే గురూ అని, పోతూ పోతూ తడి చేత్తో భుజం మీద ఒకసారి తట్టి పోయాడు.

ఇంక మూలనించి ఒక్కటి పడలేదు, మొదటి రెండుసార్లు అలవాటుగా వెంకటేశ్వరరావు కాలు లోపలికి కదలబోయి ఆగింది, మూడోసారికి కాలు నిలబడిపోయింది, సాహు ఎటూ దారి లేక బంతి పట్టుకుని చుట్టూ చూశాడు, శ్యామసుందర్ వాడి బొడ్డునే చూస్తున్నాడు, మిశ్రా అనుభవం మిశ్రా చూపిస్తున్నాడు, పాయింట్లు సమానమయ్యాయి, ముందుకెళ్లాయి, గట్టు మీద అప్పలనర్సమ్మ పల్లీల పొట్లం వదిలి లేచి నిలబడింది, చివరికి నలభైమూడు ముప్ఫైయెనిమిది, నాలుగేళ్ల తరవాత షీల్డు, ఎవరో వచ్చి కౌగలించుకున్నారు, ఎవరో వీపు చరిచారు, కెప్టెన్ సాబ్, క్యా దిమాగ్ లగాయా, ఏం బుర్ర వాడారు, అందరూ అదే మాట, వాళ్లకేం తెలుసు, అవమానంగా ఉందా అని లోపల వెతుక్కున్నాడు, ఉంది, గోరంతే ఉంది, దాని చుట్టూ మాత్రం ఇంకేదో వెచ్చగా పరుచుకుంటోంది, కోర్టు మధ్యలో త్రినాథ్, థామస్, వెంకటేశ్వరరావు కలిసి శ్యామసుందర్‌ని గాల్లోకి ఎగరేస్తున్నారు, ముగ్గురికీ ఆయాసంగా ఉంది, ముగ్గురికీ జుట్టు పలచబడింది, అదెప్పుడు పలచబడిందో, తన పక్కన అన్నేళ్లు ఆడుతూ కూడా చూసుకోలేదు, జట్టులో డిఫెన్స్ అంటే తనేనని, మిగతావాళ్లని తనే కాస్తున్నానని అనుకుంటూ ఉన్నాడు, రెండున్నరేళ్లు, ఎన్ని సాయంత్రాలు, ఎన్ని ఆటలు, ఎన్ని తిట్లు, ఒక్కరూ నోరు విప్పకుండా, ఓడిపోతున్నా మానకుండా, ఆ ముగ్గురూ పూనుకుని కాస్తూ వచ్చినది తననే.