జాకీలు పీకిన రోజు

మిట్టమధ్యాహ్నం, అందరూ చూస్తుండగానే, పాతబజారు వరండా కింద జాకీలు పీకడం మొదలుపెట్టారు. మరమ్మతు పూర్తయ్యేదాకా కప్పు కూలకుండా నిలబెట్టిన ఇనుప జాకీలవి. కింద మా దుకాణాలు, పైన మా కాపురాలు.

పాత వీధుల్ని బాగుచేస్తామని ప్రభుత్వమే నిధి ఇచ్చింది. కాలువలు తవ్వారు, పెచ్చులు రాల్చారు. పని సగంలో ఉండగా అసెంబ్లీలో కొత్త బడ్జెట్ పెట్టారు. అందులో మా నిధి ఊరవతల మంత్రిగారి సభామందిరానికి తరలిపోయింది. ఇక బిల్లు రాదని తెలియగానే కాంట్రాక్టరు తన ఇనుము తనకు కావాలన్నాడు.

తాళాలు బాగుచేసే బావ ఒక జాకీని కావలించుకున్నాడు. మా వీధందరికీ ఆయన బావే.

"పైన మనుషులున్నారు సార్! ఇది తీస్తే కప్పు దేనిమీద నిలబడుతుంది?"

ఇంజనీరు గొడుగు కిందనుంచి కదల్లేదు. "ఖాళీ చెయ్యమని చెప్పాం కదయ్యా. పైనుంచి ఆర్డరు."

"ఎక్కడికి పోవాలి సార్?"

"అది మా డిపార్ట్‌మెంట్ కాదు."

కూలీల చేతులు ఆగాయి. మేస్త్రి బావ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "వదులు మామా. తియ్యకపోతే రేపట్నుంచి నాకు పని లేదు. నా కొంపలోనూ పొయ్యి వెలగాలి."

ఇద్దరు పట్టుకుని బావ వేళ్లు విడదీశారు.

సాయంత్రం వాన దంచికొట్టింది. పైనున్న ముసలివాళ్లను, పిల్లలను బావే ఒక్కొక్కరినీ దించాడు. ఎవరి అమ్మనో వీపున మోసుకొచ్చి రోడ్డు మీద కూర్చోబెట్టి, తన పనిముట్ల పెట్టె కోసం వరండాలోకి వంగాడు. కప్పు కూలింది.

రాళ్లు చేతులతో లాగాం. కాసేపు బతికే ఉన్నాడు. ఆయన భార్య, బట్టలు కుట్టే మిషనక్క, కొంగు తడిపి ఆయన నోరు తుడిచింది. తుడిచేకొద్దీ సున్నమే వచ్చింది.

శవాన్ని ఇంకా తియ్యనేలేదు, మున్సిపాలిటీ మనుషులు ఎర్రరంగు డబ్బాతో దిగారు. 'ప్రమాదకరం, ఖాళీ చేయవలెను' అని గోడ మీద రాశారు. రంగు కారి శవం మీది గుడ్డ మీద పడింది. అక్క దాన్ని రక్తమనుకుని తుడిచింది.

మర్నాడు ఆ రాళ్ల మధ్యే సభ పెట్టుకున్నాం.

"ఊరిబయట స్థలాలిస్తారట," అన్నాడు టీకొట్టు బాబాయి. "ప్రాణాలు దక్కితే చాలు, పోదాం."

"అక్కడ టీ ఎవరికి పోస్తావు, తొండలకా?" అంది చెప్పులు కుట్టే పిన్ని.

అప్పుడే మేస్త్రి వచ్చాడు, వెనక అతని కూలీలు. ఎవరో వాడి చొక్కా పట్టుకున్నారు. అక్క లేచింది.

"వదలండి! తియ్యమన్నవాడు చేతికి దొరకలేదని తీసినవాణ్ణి కొడతారా? నిధి ఆపిందీ వాళ్లే. కూలేలా చేసిందీ వాళ్లే. కూలింది కాబట్టి పొమ్మనేదీ వాళ్లే. మనం పోయామా, ఈ జాగా ఎవరిదవుతుంది? నాకు మొగుడి చావుకి పరిహారం వద్దు. మన వీధి నిధి మన వీధికి రావాలి."

మేస్త్రి తలెత్తలేదు. "ఎవరు తియ్యమన్నారో అసెంబ్లీ ముందు చెప్తానక్కా."

చెప్పాడు. బడ్జెట్ పాసయ్యే రోజు వీధంతా అసెంబ్లీకి వెళ్లినప్పుడు, గేటు ముందు మైకులో, కాంట్రాక్టరు పేరూ ఇంజనీరు పేరూ పెట్టి చెప్పాడు. చెప్తుండగానే లాఠీ పడి పళ్లూడాయి. లోపల బల్లలు చరిచి బడ్జెట్ పాస్ చేసుకున్నారు. బావ చావు కేసు మేస్త్రి మీద పెట్టారు, అల్లర్ల కేసు అక్క మీద. భర్త దినానికి కూడా ఆమెను వదల్లేదు.

మా కథ వింటున్న కాలేజీ తమ్ముళ్లారా, మిల్లు అన్నల్లారా, అక్కను లోపలేస్తే మేం చెల్లాచెదురవుతామనుకున్నారు. మాలాగే నిధి పోగొట్టుకున్న చేపల బజారు వాళ్లొచ్చారు. నేతపని వీధివాళ్లొచ్చారు. మూడు వీధులు ఒక్కటై, మా వీధి కూల్చడానికి బుల్డోజరు వచ్చిన పొద్దున దాని ముందు కూర్చున్నాయి. ముందు వరసలో టీకొట్టు బాబాయి.

"తోలు!" అన్నాడు ఇంజనీరు.

డ్రైవరు మా మొహాలు చూశాడు. ఇంజను ఆపి కిందికి దిగాడు.

"ఎక్కండి సార్. మీరే తోలండి."

ఇంజనీరు ఎక్కలేదు. పోలీసుల వైపు చెయ్యి ఊపాడు. విజిల్ మోగింది, లాఠీలు లేచాయి. డ్రైవరు వచ్చి బాబాయి పక్కన కూర్చున్నాడు. మేం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్నాం.