వీపు మీది గడుల అక్షరాలు

రూతమ్మకు లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: ఐదేళ్ళ కూతురు ఎస్తేరు ఎక్కడైనా తప్పిపోతుందని. పాముకు కూడా అంత భయపడదు.

రూతమ్మను ఏడో తరగతిలోనే బడి మానిపించారు గానీ, మిషన్ హాస్టల్లో నేర్చిన క్రాసుకుట్టు చేతిలో మిగిలింది. గళ్ళగుడ్డ మీద గడికొక కుట్టు వేసుకుంటూ పోతే అక్షరం తేలుతుంది. ఆ విద్యతో బిడ్డ గౌన్లన్నిటికీ వీపు మీద ఎర్రదారంతో రాసిపెట్టింది: 'ఎస్తేరు, ఏసుదానం బిడ్డ. దొరికితే ఇంటికి పంపండి.'

దాంతో బోధన్‌లో ఎస్తేరు ఏ సందులో ఆడుకుంటున్నా, ఎవరో ఒకరు వీపు చదివి తెచ్చి ఇంట్లో దింపిపోయేవారు.

ఒక శనివారం మధ్యాహ్నం రిక్షా తుకారాం వచ్చాడు. "రూతక్కా, నీ బిడ్డ రుద్రూర్ బస్సెక్కబోయింది. పట్టుకొచ్చిన."

రిక్షా దిగింది పక్కింటి పోశయ్య బిడ్డ గంగామణి. ఒంటిమీద ఎస్తేరు గౌను.

"నా బిడ్డేది?"

"నాకేమెర్క? వీపు సదివిన, తెచ్చిన. మొఖం సదువుమని రాసినవా?"

గంగామణి బుగ్గలో బెల్లంముక్క అటునుంచి ఇటు మారింది. "గౌన్లు మార్సుకున్నం. ఇది ఏస్కుంటే ఎవ్వలు ఆడుకోనియ్యరంట. ఎస్తేరు రాజేశ్వరన్న దుకాణంల ఉంది."

రూతమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది.

బస్టాండు ఎదుటి కంప్యూటర్ దుకాణంలో ఎస్తేరు స్టూలెక్కి, మీటలు టకటకా కొడుతోంది. తెర మీద ఒక కోడి చెరుకుబండి కింద పడింది. వెంటనే ఎర్రటి అక్షరాలు లేచాయి: 'దొరికితే ఇంటికి పంపండి.'

తిట్టబోయిన రూతమ్మ తెర దగ్గరికి వంగింది. అవి తన కుట్లే. 'రి' దగ్గర ఒక గడి ఎక్కువ పడ్డ తప్పుతో సహా.

దుకాణం రాజేశ్వర్ తల గోక్కున్నాడు. "ఈ ఆట నేనే తయారుజేస్తున్న అక్కా. నేను గీస్తే అక్షరాలు ఇటుకల్లెక్క అయితున్నయి. నీ బిడ్డ గీడ కూసున్నప్పుడల్లా ఎనుక నిలబడి గడులు లెక్కబెట్టుకున్న. గంత గుండ్రం నీకెట్ల వచ్చింది?"

"మూలకొక గడి ఇడ్సిపెట్టాలె. మరి కోడి గెలిస్తే ఏం రాస్తది?"

"గదే. నా తాన గా మాటలే ఉన్నయి. మిగిలిన అక్షరాలు గూడ కుట్టియ్యవా అక్కా?"

రూతమ్మ బిడ్డ రెక్క పట్టుకుని స్టూలు మీంచి దింపింది. "ఇస్త. రోజుకొక్కటే. పొద్దుగూకకముందు పిల్లను నువ్వే ఇంటికి తోల్కరావాలె. అప్పుడే అక్షరం."

"గుణింతాలు, ఒత్తులు కలిపితే ఎన్నేండ్లు పడతది?"

"దీనికి పెండ్లీడొచ్చేదాక."

అతనికి ఒప్పుకోక తప్పలేదు. ఇరవై మూడు రోజులు ఇరవై మూడు అక్షరాలు, ఒక్కనాడూ తప్పలేదు. ఈ సాయంత్రం మాత్రం రూతమ్మ 'ఝ' గుడ్డ పట్టుకుని ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంది. పొద్దు గూకుతోంది. పక్కింట్లో గంగామణి కూడా లేదు. మీరు బస్టాండు వైపు పోతుంటే ఆ దుకాణంలోకి ఒక్కసారి తొంగిచూడండి. వీపును మాత్రం నమ్మకండి. ఎస్తేరుకు ఎడమ చెంప మీద పుట్టుమచ్చ ఉంటుంది, అది చూడండి.