కాడ్ చేప మీద తీర్మానం

గెరీట్ టామ్మెన్ ముప్పై ఏళ్లుగా ప్రతి శుక్రవారం చచ్చిన చేపను మళ్లీ చంపుతూ వచ్చాడు. నీళ్లు కుతకుతమని ఎగిరిపడుతున్నప్పుడే కాడ్ ముక్కలు గిన్నెలో పడేసి, పేపరు తెరిచి కూర్చునేవాడు. ఆటల పేజీ అయ్యేసరికి గిన్నెలో చేప ఉండేది కాదు, పీచు ఉండేది. ఓడరేవులో క్రేన్ నడిపిన మనిషి. ఏదైనా సరే పైకెత్తాలి, గట్టిగా దించాలి, అంతే తెలుసు.

అతని భార్య ఆల్ముట్ ముప్పై ఏళ్లు ఆ పీచు తింది. జూన్‌లో ఒక శుక్రవారం ఫోర్కు బల్ల మీద పెట్టి, పెట్టె సర్దుకుని, బ్రేమర్‌హాఫెన్ రేవు పట్నానికి అవతలి కొసన ఉన్న అక్క ఇంటికి వెళ్లిపోయింది. సెప్టెంబరులో ఫోన్ చేసింది.

"శుక్రవారం సరిగ్గా ఆరింటికొస్తా. తెల్ల చేప, ఆవ సాసు, బంగాళాదుంపలు. ఇంకేం వద్దు. చేప పొరలు పొరలుగా విడాలి. విడితే ఉండిపోతా. పీచయిందో, అక్క దగ్గరికే. మళ్లీ నన్నడక్కు."

"ఎంత పెద్ద ముక్కలు?" అన్నాడు గెరీట్.

ఆమె ఫోన్ పెట్టేసింది.

శుక్రవారం అయిదింటికి అతను చేపను కడిగి, వెనిగర్ పట్టించి, ఉప్పు రాశాడు. ఆ ఊళ్లో పసిపిల్లలక్కూడా వచ్చే వరస అది. ఆ వరకు ఎవరైనా చేస్తారు. ఆ తర్వాత ఉడికించడమే అతనికి చేతకానిది. అంతలో తలుపు గంట మోగింది. కింది వాటాలో ఉండే బ్రోకెరమ్మ; బ్రోకెర్ ఆమె ఇంటిపేరు.

"టామ్మెన్ గారూ, మెట్ల దాకా వెనిగర్ కంపు. ఇంటి నిబంధనల్లో ఏడోది చదువుకున్నారా?"

"ఆల్ముట్ వస్తోందమ్మా, ఆరింటికి. చేప బాగుంటే ఉండిపోతానంది."

బ్రోకెరమ్మ ముఖం రంగు మారింది. ఆ మేడలో ఏ వారం ఎవరు మెట్లు కడగాలో ముప్పై ఏళ్లూ చూసుకున్నది ఆల్ముటే. ఆమె వెళ్లాక 'ఈ వారం మీ వంతు' అన్న చెక్కపలక ఎవరి తలుపుకూ వేలాడలేదు. మూడు నెలల్లో రెండు కొట్లాటలూ ఒక వకీలు నోటీసూ అయ్యాయి. మెట్ల మీద ఇసుక బూట్ల కింద కరకరలాడుతోంది.

"బాగుండకపోతే?"

"వెళ్లిపోతుంది."

"అయితే ఇది మీ ఒక్కరి చేప కాదండీ," అంది బ్రోకెరమ్మ, చరచరా మెట్లెక్కుతూ.

పది నిమిషాల్లో ఆరుగురు ఇరుగుపొరుగు ఆ వంటింట్లో దిగారు. ఎవరి కుర్చీ వాళ్లు తెచ్చుకున్నారు. రైల్వేలో తనిఖీ అధికారిగా రిటైరైన లూడెకే అడక్కుండానే బల్ల మొదట్లో కూర్చుని గొంతు సవరించాడు. బ్రోకెరమ్మ నోటుబుక్కు తెరిచింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగారంటారు గానీ, వీళ్లు నిప్పు మీద సభే పెట్టారు.

ఉడికిన దుంపలు పక్క గిన్నెలో మూత కింద ఉన్నాయి. పొయ్యి మీద నీళ్లలో ఉల్లిపాయ, మిరియాలు, బిర్యానీ ఆకు. నీళ్లు తెర్లుతున్నాయి. గెరీట్ చేప పళ్లెం అందుకున్నాడు.

"ఆగండి!" అన్నాడు లూడెకే. "ఇది మరగడమా, ఊరికే కాగడమా? ముందది తేలాలి."

"బుడగలొస్తున్నాయి కదయ్యా!" అన్నాడు పై వాటా ముసలాయన.

"ఎన్ని బుడగలు? ఒక బుడగను మరగడం అనరు."

"ఒకటి కాదు, ఇరవై ఉన్నాయి. నా కళ్లకే కనిపిస్తుంటే!"

"మీ కళ్లజోడు గదిలో వదిలొచ్చారు గదా, ఎలా లెక్కపెట్టారు?"

"నేనోటెయ్యొచ్చా?" అన్నాడు గెరీట్.

"మీరు కక్షిదారు. మీకు ఓటు లేదు," అంది బ్రోకెరమ్మ తలెత్తకుండా.

చర్చ ముగిసేదాకా గిన్నెను పొయ్యి మీంచి దించాలని నలుగురు, వద్దని ఇద్దరు. గిన్నె దిగింది. పొయ్యి ఆరిపోయింది. అయిదూ నలభై ఎనిమిదయింది. గెరీట్‌కి పన్నెండు నిమిషాలే మిగిలాయి. ఇక ఆగలేక, వాళ్లు బుడగల గురించి అరుచుకుంటుండగా చేప ముక్కల్ని మెల్లగా ఆ నీళ్లలోకి జార్చి మూత పెట్టేశాడు.

"అనుమతి లేకుండా దించారు! బయటికి తీయండి!" అంది బ్రోకెరమ్మ.

తీయాలని ముగ్గురు, వద్దని ముగ్గురు. సరిసమానమైతే అధ్యక్షుడు తేల్చాలి. తేల్చే ముందు నియమావళి చదవాలని లూడెకే కళ్లజోడు వెతుక్కున్నాడు. నిప్పు లేని పొయ్యి పక్కన చల్లారుతున్న గిన్నె వైపు గెరీట్ చూస్తూ నిలబడ్డాడు. పచ్చి చేప పెట్టబోతున్నానని అతనికి నమ్మకం కుదిరింది. ముప్పై ఏళ్ల కాపురం గోరువెచ్చటి నీళ్లలో పోతోంది.

సరిగ్గా ఆరింటికి గంట మోగింది.

ఆల్ముట్ వానకోటుతో లోపలికొచ్చి, ఆరు కుర్చీల్నీ చూసింది.

"ఎవరు పోయారు?"

"సభ జరుగుతోందమ్మా," అన్నాడు లూడెకే. "చేపను బయటికి తీయాలా, వద్దా? మూడూ మూడూ. మీరొక ఓటు..."

ఆమె అతన్ని దాటుకెళ్లి మూత తీసింది. ఫోర్కుతో ముక్క మీద కొంచెం నొక్కింది. చేప తెల్లగా, నిగనిగలాడుతూ, పొర మీద పొర జారి విడిపోయింది. ఆల్ముట్ నిలబడే ఒక పొర తిని, ఇంకో పొర తింది.

"ఎవరు చేశారిది?"

బ్రోకెరమ్మ నోటుబుక్కులోంచి చదివింది. "అయిదూ నలభై ఎనిమిదికి టామ్మెన్ గారు అనుమతి లేకుండా చేపను నీళ్లలో దింపారు. అప్పటినుంచి ఆరింటిదాకా ఎవరూ ఏమీ చేయలేదు."

"ఇదే కదరా దేవుడా," అంది ఆల్ముట్, "నేను ముప్పై ఏళ్లుగా మొత్తుకున్నది! వేడి నీళ్లలో పడేసి ఏమీ చేయొద్దని!"

గెరీట్ నోరు తెరిచాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"సాసేది?"

"సాసు మీదికి చర్చ ఇంకా రాలేదు," అన్నాడు లూడెకే.

ఆల్ముట్ వానకోటు విప్పి కొక్కేనికి తగిలించింది. వెన్న, పిండి, ఆవముద్ద అందుకుంది. "మీరంతా మీ మీ కుర్చీలు తీసుకుని బయటికి దయచేయండి. ఆ మెట్లేంటి, రేవులో ఇసకంతా మనింట్లోనే ఉందా? గెరీట్, నువ్వు దుంపలు వలువు. మాట్లాడకు."

దుంపలు ఇంకా పొగలు కక్కుతున్నాయి. గెరీట్ వేళ్లు కాలుతున్నా తొక్క తీస్తూనే ఉన్నాడు. అమ్మా అనైనా అనలేదు. ఏమీ చేయకుండా బాగుపడిన మొదటి రోజది, దాన్ని నోటితో పాడుచేసుకునేంత వెర్రివాడు కాడు.