కంటి కింది మచ్చ

జావ్‌దీకి ఊరికే కూర్చోవడం చేతకాదు. పొద్దున లేచింది మొదలు బజారులో పాలబొంత చేపలకు ముళ్లు తీసే మనిషి, కత్తి లేకుండా ఆసుపత్రి బెంచీ మీద కూర్చోవడమంటే ఆమెకు జైలుతో సమానం. లేచింది, నీళ్లు తాగింది, కూర్చుంది, మళ్లీ లేచింది. పక్కనున్న కోడలు హ్వేయ్‌రూ ఫోన్లోంచి తలెత్తకుండానే, "అత్తయ్యా, కాస్త కుదురుగా ఉండండి. డాక్టరు ఎక్కడికీ పారిపోడు" అంది.

ఆమెను తినేస్తున్నది మచ్చ కాదు. పొద్దున డాక్టరుతో ఆడిన అబద్ధం.

కుడికంటి కింద, చిక్కుడుగింజంత నల్లటి కాయ. తువ్వాలు తగిలితే చాలు, రక్తం చిమ్ముతుంది. డాక్టర్ లూ భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. "పెద్దవయసులో ఇలాంటివి లేస్తాయమ్మా, చాలామటుకు ఏమీ చేయవు. ఇది మాత్రం కోసి పరీక్ష చేస్తేగానీ చెప్పలేను. ఇంతకుముందు దీన్నెవరైనా కాల్చారా? మందేమైనా పెట్టారా? అలా చేసుంటే పైకి మానినట్టే కనిపించి లోపల పాకుతుంది. అప్పుడు కోతే వేరు" అన్నాడు.

"ఎవరూ ఏమీ పెట్టలేదు" అంది జావ్‌దీ, చేప తాజాదేనని చెప్పినంత సులువుగా. మధ్యాహ్నం చిన్న కోత అన్నారు.

పెట్టింది యిన్‌లియాన్. గుడివీధి మలుపులో గొడుగు వేసుకుని, మచ్చలు గుర్తులు పెట్టిన ముఖం బొమ్మ వేలాడదీసుకుని, ఏ మచ్చ సిరి తెస్తుందో ఏది మొగుణ్ణి మింగుతుందో చెప్పి, చెడ్డవాటిని పుల్లతో మందద్ది కాల్చేస్తుంది. పెళ్లిళ్లు కాకముందు ఆమె, జావ్‌దీ ఒకే ఫ్యాక్టరీలో అనాసపళ్లు చెక్కారు. నిరుడు జావ్‌దీ కంటి కిందిది ఏడుపు తెచ్చే కన్నీటి మచ్చ అని ఆమే కాల్చింది. పొక్కు కట్టి రాలింది. ఏడాది తిరక్కుండా అదేచోట ఇంకా వెడల్పుగా లేచింది. ఈ మాట హ్వేయ్‌రూ చెవిన పడితే ఆ గొడుగు విరిచిగానీ ఇంటికి రాదు.

"కాస్త గాలి పీల్చుకొస్తా" అని జావ్‌దీ మాస్కు కంటిదాకా లాక్కుని బయటపడింది. ఎక్కడికో తనకే తెలియనట్టు నడిచి, చివరికి గుడివీధిలోనే తేలింది.

యిన్‌లియాన్ ఒక ముసలాయన కణత మీది కాయకు మందద్దబోతోంది. జావ్‌దీ వెళ్లి ఆ చెయ్యి పట్టేసుకుంది.

"పిచ్చి పట్టిందా ఏవిటే? మందు మీద పడితే తోలూడిపోద్ది" అంది యిన్‌లియాన్.

"అన్నయ్యా, మీరు ఆసుపత్రికి పొండి. పైపైన కాలిస్తే మళ్లీ లేస్తది. ఇదిగో, నా మొహం చూడండి." జావ్‌దీ మాస్కు కిందికి లాగింది.

ముసలాయన ఒకసారి చూసి, టోపీ పెట్టుకుని చల్లగా జారుకున్నాడు. యిన్‌లియాన్ పుల్ల పక్కన పెట్టి జావ్‌దీ కంటి కింది కాయను దగ్గరికొచ్చి చూసింది.

"అందుకా ఈ మధ్య మాస్కు తియ్యట్లేదు. ఆ రోజు నేనేవన్నా? దీని అంచు నాకు నచ్చలేదే, పెద్దాసుపత్రిలో చూపించుకో అన్నానా లేదా?"

"అన్నావు."

"నువ్వేవన్నావు? మనవరాలి పెళ్లి దగ్గర పడింది, ఫోటోల్లో ఏడుపుమొహంతో నిలబడనా, నువ్వు పెట్టకపోతే ఇంకోత్తి పెడుద్దిలే అన్నావు. కాదన్లేక పెట్టా. నాది బుద్ధి తక్కువే."

జావ్‌దీకి సిగ్గేసింది. స్నేహితురాలిని కాపాడుతున్నాననుకుంటూ తన మొండితనాన్నే దాచుకుంది. యిన్‌లియాన్ అప్పటికే గొడుగు ముడిచేసింది. "పద, నేనే చెప్తా. నీ కోడలు తిడితే తిట్టనీ. తిట్లకేం తోలూడదు."

వీళ్లు వెళ్లేసరికి నర్సు జావ్‌దీ పేరు పిలుస్తోంది. హ్వేయ్‌రూ మండిపడుతూ, "ఎక్కడికెళ్లారు? ఈవిడెవరు?" అంది. యిన్‌లియాన్ నోరు తెరిచేలోగా జావ్‌దీ గదిలోకి దూసుకుపోయింది. మిగతా ఇద్దరూ వెనకే పరుగెత్తారు.

"డాక్టరుగారూ, అబద్ధం చెప్పా. నిరుడు మందేసి కాల్పించా. ఈ యిన్‌లియాన్ వద్దనే అంది. మనవరాలి పెళ్లని నేనే పట్టుబట్టా."

"మంచిపని చేశారు చెప్పి. తెలియకపోతే పైది తీసేసి వేరు వదిలేసేవాణ్ణి" అన్నాడు డాక్టర్ లూ. "ఇప్పుడు లోతుగా వెళ్లాలి. కోత రెప్ప దాకా రావచ్చు. కాస్త కాస్త తీసి పరీక్ష చేసుకుంటూ పోతాను. సాయంత్రం దాకా పడుతుంది."

జావ్‌దీ కోడలి తిట్ల కోసం ఎదురు చూసింది. తిట్లు రాలేదు. హ్వేయ్‌రూ మొహం పాలిపోయింది.

"ఆ మచ్చ ఫోటోల్లో పడితే మా పుట్టింటివాళ్లు నవ్వుతారని మిమ్మల్ని సతాయించింది నేనే కదా అత్తయ్యా" అంది. "నేను అనకపోతే మీరు వెళ్లేవారే కాదు."

హ్వేయ్‌రూ దగ్గరికొచ్చి జావ్‌దీకి ఆసుపత్రి గౌను తొడిగి, వీపు వెనక తాళ్లు ముడి వేయబోయింది. ముడి జారిపోతే మళ్లీ మొదలుపెట్టింది. ఇంత కాలం ఒకే కప్పు కింద కాపురం చేస్తూ, జ్వరాలొచ్చినా మొగుడు పోయినా కోడలి ముందు జావ్‌దీ ఎన్నడూ అనని మాట అప్పుడు నోటివెంట వచ్చింది.

"నాకు భయంగా ఉందమ్మాయ్" అంది.