నాది కాని తోక

నేను ఒక అమ్మోనైట్‌ను, ఏనాడో అంతరించిపోయిన సముద్రపు గుల్లప్రాణిని. మా వాళ్ళందరూ చక్రాల్లా చుట్టుకుని మ్యూజియం అద్దాల వెనక అందంగా కూర్చుంటే, నేను మాత్రం కర్రలా నిటారుగా పెరిగాను. పెరిగేకొద్దీ గుల్లలో వెనకగదికి గోడ కట్టేసి ముందుగదిలోకి మారేదాన్ని. ఒకసారి మూసిన గదిలోకి మళ్ళీ వెళ్ళలేదు. చచ్చాక బురద వచ్చి గదులన్నీ నింపి నన్ను రాయిని చేసింది. చివరికి సముద్రం కూడా నన్ను వదిలేసి పోయింది.

కోట్ల ఏళ్ళ తర్వాత నన్ను మొదట తాకింది ఒక నాలుక. నవ్వకండి. రాళ్ళపిచ్చి ఉన్నవాళ్ళు అంతే. తడిస్తే నా ఒంటిమీద ఆకుల్లాంటి గీతలు తేలతాయని, చేతిలో నీళ్ళు లేకపోతే నాకేస్తారు. ఆయన పేరు వేదాచలం. ఆయనా, భార్య హైమవతీ తిరుపతిలో భూగర్భశాస్త్రం లెక్చరర్లు. సెలవు దొరికితే చాలు, సుత్తీ సంచీ పట్టుకుని తమిళనాడులోని అరియలూరు వైపు సున్నపురాయి గనులకు వచ్చేవారు.

నేను సగమే దొరికాను. సన్నటి తోక లేదు. ఆ తోక కోసం ఆయనకు తిండి కూడా సయించలేదు. ఒకరోజు గనిగోడలో ఒక మొన కనిపించేసరికి ఎగిరి గంతేశాడు.

"ఆ గోడ నెర్రెలిచ్చిందండీ. ఇట్లొచ్చేయండి," అంది హైమవతి.

"తోక ఆడే ఉంది హైమా. తీసుకోని వచ్చేస్తా."

అది నా తోక కాదు. మందం ఒకటే గానీ గీతలు వేరు, ప్రాణి వేరు. జీవితమంతా గీతలు చదివిన మనిషి ఆ సంబరంలో వాటిని చూడనేలేదు. నాకు భయమేసింది, చెప్పడానికి నోరు లేదు. గోడ కూలింది.

మట్టి తవ్వి తీసినప్పుడు ఆ ముక్క ఆయన గుప్పిట్లో, నోటికి ఆనుకుని ఉంది. ఆఖరి ఊపిరి దాని గదుల్లోకే పోయింది.

హైమవతి దాన్ని నాకు జిగురుతో అతికించింది. రెండు ప్రాణుల్ని ఒకటిగా అతికించడం కన్నా మించిన తప్పు శిలాజాలు ఏరేవాళ్ళకు లేదు. కాలేజీ మ్యూజియం చూసుకునే నసీమా ఒకసారి ఇంటికొచ్చి నన్ను తిప్పి చూసింది.

"గీతలు కలవలేదు మేడమ్. ఇవి రెండు వేరే ప్రాణులు కదా? విడదీసిస్తే మ్యూజియంలో పెట్టుకుంటాం."

"తెలుసమ్మా. ఆయన ఒకటే అనుకోని పోయినాడు. ఒకటిగానే ఉండనీ."

అలా ముక్కూమొహం తెలియని ప్రాణితో కలిసి బీరువాలో పడి ఉన్నాను. అతుకు దగ్గర ఒక్కోసారి వెచ్చగా తగులుతుంది. రాయికి వెచ్చదనం ఎక్కడిది? నేను అటువైపు ధ్యాస పోనివ్వను.

కాలేజీ నుంచి రాగానే హైమవతి బీరువా తెరిచి, నన్ను తోకవైపు చెవికి ఆనించుకుంటుంది. లోపలంతా రాయే, సముద్రం వినపడే వీలే లేదని పిల్లలకు పాఠం చెప్పే మనిషే. కళ్ళు మూసుకుని, మధ్యమధ్యలో "ఊఁ" కొడుతూ ఉంటుంది.